దాగలికి నేను కట్టిన వయసు

ఆమె నాతో అన్న మొదటి మాట, "చెయ్యి తీయండి." రెండో మాట, "కాలుతుంది." ఆమె పట్టకారులో ఎర్రటి కడ్డీ ఉంది కాబట్టి, రెండో మాట దాకా ఆగడం నా తప్పే.

నేను మ్యూజియంలో కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. కొలిముల్లోని పాత దాగళ్లు, అంటే కాలిన ఇనుమును పెట్టి సుత్తితో సాగగొట్టే దిమ్మలు, ఎక్కడివో ఎప్పటివో తేల్చడం నా పని. పక్కలకు సుద్దపొడి రుద్దితే అరిగిన అక్షరాలు తేలతాయి. వాళ్ల నాన్నను అడిగే రుద్దుతున్నాను. ఆ కొలిమికి ఆయన పేరుకే యజమాని అని నాకెవరూ చెప్పలేదు.

సుద్దలో మూడు అంకెలు తేలాయి: 1, 3, 12. ఒకటో తేదీ, మూడో నెల, పన్నెండో సంవత్సరం అనుకున్నాను. ఏ వందలో పన్నెండు అన్నదానికి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. పాతదైతేనే నా ఉద్యోగానికి మంచిది కాబట్టి 1812 అని రిపోర్టు రాసేశాను.

మా పెద్దసారు ఎగిరి గంతేశారు. వారంలో లారీ పంపి మ్యూజియానికి తెప్పిస్తామన్నారు. వాళ్ల నాన్న సరేనన్నారు. ఆమె మాత్రం ఏమీ అనలేదు. తన మొదటి మేకు దాని మీదే కొట్టిందట. ఆ మౌనాన్ని నేను దుఃఖం అనుకున్నాను.

ఈలోగా కొలతల వంకతో రోజూ వెళ్లాను. ఒక దిమ్మకు ఎన్ని కొలతలుంటాయి? నాలుగో రోజు దాని మూతిని మూడోసారి కొలుస్తుంటే, నిన్నటికీ ఇవాళ్టికీ ఏమైనా పెరిగిందా అని అడిగింది. నవ్వితే ఆమె బుగ్గ మీది మసి కూడా నవ్వుతుంది. నేను ప్రేమలో పడ్డాను, అదీ బోర్లా పడ్డాను. ఆమె దాగలిని లాక్కుపోయేది నేనే కదా అన్న బాధ మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది.

లారీ వచ్చింది, పెద్దసారూ వచ్చారు. నలుగురు మనుషులు ఎత్తబోతుంటే, ముందు పాత ఇనుము తూచే కాటా మీద పెట్టమంది. తొంభై నాలుగు కిలోల చిల్లర తూగింది. పౌండ్లలో ఎంతని నన్నే అడిగింది. రెండు వందల ఎనిమిది అన్నాను.

"ఇది పాత ఇంగ్లీషు తూకం. ఒకటంటే నూట పన్నెండు పౌండ్లు. మూడంటే అందులో మూడు పావులు, ఎనభై నాలుగు. పన్నెండు పైన చిల్లర. కలపండి సార్."

కలిపాను. నేను తేదీ అనుకున్నది దాని బరువు. వాళ్ల నాన్న నెమ్మదిగా గోడ మీది ఫొటో తీసి చూపించారు. ఆమె తాత, దాన్ని కొత్తగా కొన్న రోజు, దాని పక్కన నిలబడి మీసం దువ్వుతున్నాడు. ఆ ఫొటో కిందే కూర్చుని ఆరు రోజులు టీ తాగాను. అంటే తండ్రీకూతుళ్లిద్దరికీ మొదటి నుంచీ తెలుసు.

పెద్దసారు నా వైపు చూశారు. ముద్ర సరిగా కనపడలేదన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కూడా నన్నే చూస్తోంది.

"తప్పు నాదే సార్. ఊహించి రాశాను. ఇది ఇక్కడే ఉండాలి."

ఆయన నా పర్మనెంటును ఇంకో ఆరు నెలలు వెనక్కి నెట్టి, ఖాళీ లారీలో వెళ్లిపోయారు. తెలిసి కూడా ముందే ఎందుకు చెప్పలేదని ఆమెతో నిష్ఠూరమాడాను.

"మొదటి రోజే చెబితే రెండో రోజు వచ్చేవారా? లారీ వచ్చేలోపు మీరే కనిపెడతారనుకున్నాను. మీ తెలివి మీద అంత ఆశ పెట్టుకోవడం నా తప్పే."

నువ్వంటే నాకిష్టం అని చెప్పేశాను. 'మీరు' అనడం కూడా మరిచిపోయాను. ఆమె తల వంచుకోలేదు. ఈ మాటకు ఆరు రోజుల కొలతలు కావలసి వచ్చాయా అంది, కానీ ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

వాళ్ల నాన్న దగ్గారు. పెరట్లో మట్టిలో కూరుకుపోయి ఇంకో దాగలి ఉందట. దాని మీద అంకెలు లేవు, అక్షరాలూ లేవు. ఎక్కడిదో తేల్చడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగారు.

"చాలా ఏళ్లు పట్టొచ్చండీ," అన్నాను.

"అయితే ఈసారి మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా బాబూ. అంత పని నీ ఒక్కడి వల్ల కాదు."