లేని కరెంటు దొంగ

పెదబయలు దగ్గర కాఫీ గొడౌన్ బూడిదైంది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ లోపల అడుగైనా పెట్టకుండా కారణం కనిపెట్టేశాడు: షార్ట్ సర్క్యూట్! గడ్డివాము తగలబడినా షార్ట్ సర్క్యూటే అనే రకం ఆ మహానుభావుడు. వాచ్‌మన్ బుధు తీగకు కొక్కెం తగిలించి కరెంటు దొంగిలించాడని రాసి పారేశాడు. పాపం, బుధును జైల్లో వేశారు.

"మీరు నమ్మారా సార్?" విశాఖలోని సీక్రెట్ ఆఫీసులో అడిగాడు ఏజెంట్ ఫల్గుణ.

"నమ్మితే నిన్నెందుకు పిలుస్తానయ్యా?" చీఫ్ విసుక్కున్నాడు. "మన్యం కాఫీ ఎగుమతులు గిట్టని విదేశీ ముఠా గొడౌన్లు తగలబెడుతోందని అనుమానం. మన ఏజెంట్ జయశ్రీ ఫైర్ సేఫ్టీ ఆఫీసర్ వేషంలో ఆ ముఠాలో చేరింది. అరకు గొడౌన్‌లో నిన్ను కలుస్తుంది. కోడ్, 'మిరియాలు ఎండాయా?' జవాబు, 'మంచు వదల్లేదు.'"

ఫల్గుణ మెడలో కెమెరా, నెత్తిన ఉన్ని టోపీతో టూరిస్టు వేషం కట్టి, షేర్ జీపెక్కి ముందు పెదబయలు వెళ్లాడు. కాలిన గొడౌన్ పక్కనే బుధు ఇల్లు. టూరిస్టన్నాక సెల్ ఛార్జింగ్ అడగాలి కదా, అడిగాడు.

బుధు భార్య నూకరత్నం కస్సుమంది. "ఏటి బాబూ, ఎటకారమా? దీపాళి ముందు ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోనాది. అప్పుట్నుంచి ఊరికి కరెంటే నేదు. ఆ నేని కరెంటు మా ఆయన దొంగిలించీసినాడంట!"

ఫల్గుణ కాలిన గొడౌన్ వైపు తిరిగాడు. "మరి గొడౌన్‌లో కొత్తగా ఏమైనా బిగించారా?"

"పొగొస్తే అరిసే పెట్టి. బేటరీది. జయశ్రీ అని ఓ సోకుల మేడమొచ్చి ఉచితంగా పెట్టీసింది."

మంటలొస్తే చెప్పాల్సిన పెట్టె లోపలే నిప్పు! ఫల్గుణకు ఒళ్లు మండిపోయింది.

అరకు గొడౌన్ నిండా ఏడాది పంట. గింజలేరే ఆడవాళ్లను ఫల్గుణ ముందే టీ తాగి రమ్మని పంపేశాడు. జయశ్రీ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, కాళ్లకు మాత్రం పరుగు బూట్లు.

"మిరియాలు ఎండాయా?"

"మంచు వదల్లేదు. పెదబయలుది షార్ట్ సర్క్యూటే ఫల్గుణగారూ, నేనే చూశాను. పదండి, బయట కాఫీ తాగుదాం." మాట్లాడుతూనే ఫోన్ మీద వేలు ఆడించింది. ఇక్కడ కూడా దూలానికి బిగించిన అలాంటి పెట్టెలో ఎర్రదీపం మిణుకుమంది.

ఫల్గుణ తలుపు మూసి గడియ పెట్టి, అడ్డంగా నిలబడ్డాడు. "తొందరేం మేడమ్? కూర్చోండి."

"తలుపు తియ్యండి!"

"ఎందుకు? పొగొస్తే అరిచే పెట్టేగా?"

దీపం వేగం పెరిగింది. జయశ్రీ ముఖం మీద పౌడర్ చెమటకు కారిపోయింది. "మీకు పిచ్చా? ఇద్దరం చస్తాం!"

"మీరు పెట్టిన పెట్టేనండీ. నమ్మకం లేదా?"

ఛీ, డాలర్లకు దేశాన్ని అమ్మినావిడకు చావడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. గబగబా ఫోన్‌లో స్టాప్ కోడ్ కొట్టింది. పెట్టె పొగ కక్కబోయి, ఆఖరి క్షణంలో ఆరిపోయింది. ఫల్గుణ మెడలోని కెమెరా అంతా రికార్డు చేసేసింది. ఆమె ఫోన్‌లోని నంబర్లతో ముఠా మొత్తం సాయంత్రానికల్లా దొరికిపోయింది.

బుధు విడుదలైన రోజు జైలు గేటు దగ్గరికి ఇన్‌స్పెక్టర్ పళ్లికిలిస్తూ వచ్చాడు. "చిన్న పొరపాటయ్యా బుధూ, మనసులో పెట్టుకోకు."

బుధు అతన్ని ఎగాదిగా చూశాడు.

"అలాగే బాబూ. అయితే నన్ను పట్టుకెల్డానికి రెండు జీపులేసుకొచ్చినారు గదా, ట్రాన్స్‌ఫార్మర్ తేడానికి ఒక్క జీపూ దొరకలేదేటి?"