పేరు లేని చుక్క

పడాంగ్ రేవుకి ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో, రెండో అంతస్తు చివరి గదిలో కూచుని దెస్రిత రోగులకి దారులు గీసేది. మనిషి గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మందు పట్టుకుని బయటపడేదాకా ఏమేం జరుగుతుందో డాక్టర్లనీ నర్సులనీ అడిగి తెలుసుకుని, వాటిని గోడ మీది తెల్లబల్ల మీద గళ్లుగా, బాణాలుగా వేసేది. ఆ బొమ్మని బట్టే ఆసుపత్రి కంప్యూటర్లన్నీ నడుస్తాయి. ఎవరికి మంచం ఇవ్వాలో, ఏ మందు ఎవరికి పోవాలో, ఆఖరికి రక్తం సంచులుండే ఫ్రిజ్ తలుపు ఎవరి కోసం తెరుచుకోవాలో కూడా ఆ బొమ్మదే నిర్ణయం.

ఆమె మీద అధికారి జుల్హెల్మి. లవంగం సిగరెట్టు వాసన, పెద్ద గొంతు, ఎదుటివాడి మాట సగంలో తుంచేసే అలవాటు.

దెస్రిత మొదట గీసిన బొమ్మలో, గుమ్మం నుంచి నేరుగా ఎమర్జెన్సీ గదిలోకి పోయే బాణం ఒకటుండేది. ఆరోగ్య కార్డూ దాని మీది నంబరూ లేనివాళ్ల కోసం, స్పృహ లేనివాళ్ల కోసం. రేపు మంత్రిగారు ఈ కొత్త పద్ధతి ప్రారంభోత్సవానికి వస్తారనగా జుల్హెల్మి దాన్ని అరచేత్తో తుడిచేశాడు.

"ఏంటమ్మాయ్, కొత్త ఇల్లు కట్టి గోడకి కన్నం పెడతావా? నంబరు లేనివాడు లేనట్టే లెక్క. చూడు, బొమ్మ ఎంత శుభ్రంగా ఉందో ఇప్పుడు!"

ఆమె నవ్వేసి ఊరుకుంది.

కొత్త పద్ధతి మొదలైన వారంలోనే మెంతవాయి దీవుల నుంచి ఒకామెని పడవలో తీసుకొచ్చారు. నిండు చూలాలు. పడవవాడు ఆమెని కౌంటర్ ముందు బెంచీ మీద పడుకోబెట్టి, సముద్రం పొంగకముందే వెళ్లిపోవాలని జారుకున్నాడు. కార్డు లేదు. ఆమె భాష అక్కడ ఎవరికీ రాదు. బెంచీ కింద నెత్తురు మడుగు కడుతోంది. కౌంటర్ నర్సు మార్నిస్ పైన జుల్హెల్మికి ఫోన్ చేసింది.

"సార్, నంబరు వెయ్యనిదే తెర ముందుకి కదలట్లేదు. ఫ్రిజ్ తెరుచుకోవట్లేదు. ఏదో ఒక దారి చూపించండి!"

"ఒకళ్లకి తెరిస్తే రేపు ఊరంతా అటునుంచే వస్తుంది. ముందు ఆమె చుట్టాలెవరో కనుక్కో" అన్నాడు జుల్హెల్మి.

"పోనీ దెస్రితక్కకివ్వండి."

దెస్రిత ఫోన్ అందుకుంది. ఆ తలుపు తెరిచే అధికారం ఆమెకీ ఉంది. ఒక్క మీట నొక్కి, ఏదో ఒక పేరు కొడితే చాలు. జుల్హెల్మి వంక చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"సార్ చెప్పినట్టు చెయ్యి మార్నిస్" అని పెట్టేసింది.

డాక్టర్లు వచ్చి చేతనైంది చేశారు. రక్తం మాత్రం ఉక్కు తలుపు వెనకే ఉండిపోయింది. ఆమె ఆ బెంచీ మీదే పోయింది, కడుపులో బిడ్డతో సహా. పోయేముందు మెట్ల వైపు, పై అంతస్తు వైపు, రెప్ప వెయ్యకుండా చూసిందట. ఆ కళ్లు మూయడానికి మార్నిస్ నానా తంటాలు పడింది. పేరు తెలియకుండానే పూడ్చేశారు.

తర్వాత కొద్దిరోజులకే ఒక సాయంత్రం గాలివాన పట్టుకుంది. రేవు మీద ఆకాశం కాటుకలా నల్లబడింది. మసీదులో మగ్రిబ్ అజాన్ సగంలో ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ దగ్గుతూ అందుకుంది. పై గదిలో దెస్రిత, జుల్హెల్మి ఇద్దరే ఉన్నారు. ఆవేళ ఆసుపత్రిలో ఉన్న రోగులంతా పెద్ద తెర మీది బొమ్మలో ఆకుపచ్చ చుక్కలై కనిపిస్తారు. ఒక్కో చుక్క పక్కన ఒక్కో పేరు.

"సార్... ఈ చుక్కకి పేరు లేదేంటి?" అంది దెస్రిత.

గుమ్మం గడిలో ఉంది అది. పేరు లేదు, నంబరు లేదు. పేరు లేని చుక్క బొమ్మ మీదికి రాదు, రాకుండా కట్టింది తామే.

"కరెంటు పోయొచ్చిందిగా, బుర్ర తిరిగుంటుంది దానికి."

చుక్క కదిలింది. కౌంటర్ గడి దాటింది. దాటి, ఏ బాణమూ లేని చోట, బొమ్మ అంచు వైపు నడవసాగింది. అది నడిచిన మేరా సన్నటి గీత ఏర్పడుతోంది. ఎవరో గోటితో గీకినట్టు... వంకరగా. ఆ గీత చివర కొత్త గడి ఒకటి మెల్లగా తేలింది. అందులో అక్షరాలు.

మెట్లు.

"మెట్లని నేనెప్పుడూ గీయలేదు సార్" గొణిగింది దెస్రిత.

జుల్హెల్మి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు చివర్లో కొంచెం వణికింది. "దెయ్యమే అనుకో. కార్డు తెచ్చుకోమను. ఇక్కడ దెయ్యాలకైనా నంబరు ఉండాల్సిందే!"

గదిలోకి వాసన వచ్చింది. ఉప్పునీళ్లు, పడవ కిరసనాయిలు, వాటి అడుగున పచ్చి నెత్తురు. కింద మెట్ల మీద చప్పుడు. తడి పాదం... ఆగి... మళ్లీ తడి పాదం. బరువు మోస్తున్న మనిషి ఎక్కుతున్నట్టు. తెర మీద ఇంకో గడి తేలింది.

ఈ గది.

తలుపు కింద నుంచి నీళ్లు పాకి వచ్చాయి.

"తియ్యకండి సార్... మీకు దణ్ణం పెడతాను, తియ్యకండి."

"ఎవడో ఆటలాడుతున్నాడు" అంటూ అతను తలుపు లాగాడు. ఎవరూ లేరు. నడవా ఖాళీ. ఒక అడుగు బయటికి వేశాడు. రెండో అడుగు అతను వెయ్యలేదు. అతన్ని ఎవరో లాగారు. కాలర్ వెనక నుంచి కాదు, ముందు నుంచి, రెండు చేతులా పట్టుకుని లాగినట్టు చొక్కా ముందుకి సాగడం దెస్రిత చూసింది. తర్వాత మెట్లు. తర్వాత కింద కిటికీ అద్దం పగిలిన చప్పుడు.

ఆమె పరిగెత్తి వెళ్లేసరికి అద్దం ముక్క అతని తొడలో దిగి ఉంది. నెత్తురు ఊటలా కొడుతోంది. వార్డుబాయిలు మోసుకొచ్చి అందుబాటులో ఉన్న బెంచీ మీద పడుకోబెట్టారు. డాక్టరు తొడ అదిమిపట్టి "రక్తం!" అని అరిచాడు. మార్నిస్ అతని కార్డు లాక్కుని నంబరు కొట్టింది.

"అక్కా... ఈ నంబరుతో ఎవరూ లేరంటోంది."

"మళ్లీ కొట్టు!"

"ఎన్నిసార్లు కొట్టినా అంతే. సార్ ఇందులో లేరు."

"నేను... నేనిక్కడే ఉన్నానే..." అన్నాడు జుల్హెల్మి.

కాపలావాడు ఫ్రిజ్ తలుపు మీద ఇనపకడ్డీతో బాదుతున్నాడు. సొట్ట కూడా పడలేదు. మార్నిస్ కళ్లు పొడిగా ఉన్నాయి. "ఆవేళ నేనూ మిమ్మల్ని ఇలాగే బతిమాలానక్కా" అంది.

దెస్రిత ఆమెని పక్కకి తోసి, తన అధికారంతో అడ్డదారి తెరిచింది. తెర అడిగింది: పేరు? జుల్హెల్మి అని కొట్టింది. అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. మళ్లీ కొట్టింది. చెరిగాయి. ఎవరో తడి వేలితో తుడిచినట్టు.

జుల్హెల్మి ఆమె భుజం మీదుగా దేన్నో చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు.

"అడుగు..." అన్నాడు. "పేరు అడగమంటోంది... నీ వెనకే ఉంది... అడుగు దెస్రితా..."

మెడ మీద చల్లటి ఊపిరి. తడి జుట్టు చెంపకి తగిలింది. వెనక్కి తిరిగే ధైర్యం లేక, తెరనే చూస్తూ నోరు పెగల్చుకుంది.

"నీ... నీ పేరేంటమ్మా?"

తర్వాత చెవిలో, కొత్తగా నేర్చుకున్న మాటని పలికినట్టు, నెమ్మదిగా...

"దెస్రిత."

తెర మీద ఆ పేరు తనంతట తానే పడింది. ఫ్రిజ్ తాళం టక్కున ఊడింది. సంచీ పట్టుకుని డాక్టరు వెనక్కి తిరిగేసరికి జుల్హెల్మి పోయాడు. అతని కళ్లు మెట్ల వైపే ఉన్నాయి. ఎవరు మూసినా మూతపడలేదు.

మర్నాడు దెస్రిత తుడిచేసిన బాణాన్ని మళ్లీ గీసింది. ఉద్యోగం వద్దని రాసిచ్చి, పాయకుంబులో తల్లి ఒక్కతే ఉంటున్న ఇంటికి బస్సెక్కింది. కొండల మధ్య ఊరు, సముద్రం ఛాయలు కూడా కనిపించవు. బస్సు దిగేసరికి ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. స్టాండు పక్కనే ఉన్న ఆరోగ్యకేంద్రంలోకి వెళ్లి కార్డిచ్చింది.

కౌంటర్లో పిల్ల తెర చూసి, ఆమెని చూసి, మళ్లీ తెర చూసింది.

"దెస్రిత అంటే ఇందాక వచ్చినావిడ కదా అక్కా? మందు కూడా తీసుకెళ్లారు."

"ఎవరు?"

"కార్డు లేదన్నారు. పేరు చెప్పారు, నంబరు తడుముకోకుండా చెప్పారు. మాటే మన యాస కాదు. పాపం నిండు నెలలు, తడిసి ముద్దయిపోయున్నారు. ఇంటికి దారి మర్చిపోయానంటే చిరునామా చూసి నేనే చెప్పాను."

దెస్రిత వెంటనే ఇంటికి ఫోన్ కలిపింది. తల్లి ఎత్తింది. వెనకాల గిన్నెల చప్పుడు.

"అమ్మా! నేనే, దెస్రితని. తలుపు..."

"ఎవరమ్మా నువ్వు? ఏం వేళాకోళం ఇది? మా దెస్రిత ఇక్కడే అన్నం తింటోంది." తల్లి గొంతు అటు తిరిగింది. "ఏమే, నీకేనట, చూడు."

ఫోన్ చేతులు మారింది.