ఆరని పచ్చ లైటు

విదేశీ ముఠా రహస్య సంకేతాలు విప్పే నిపుణుడొకడు లిఫ్ట్ ఎక్కి పై అంతస్తు బటన్ నొక్కాడు. లిఫ్ట్ ఎక్కింది, ఎక్కింది, ఆగాల్సిన చోట ఆగలేదు. అది నడిచే షాఫ్టు కప్పుకి గుద్దుకుని నుజ్జయింది. పేపర్లన్నీ ప్రమాదమని రాశాయి. సీక్రెట్ సర్వీసు చీఫ్ మాత్రం పళ్ళు కొరికి ఏజెంట్ ఉడుముని పిలిపించాడు.

గోడకి అతుక్కుంటే ఊడిరాడు గనక అతనికి ఆ పేరు. ఒకసారి ఎగిరే విమానం రెక్కకి అతుక్కుని సరిహద్దు దాటాడనీ, దారిలో ఓ కునుకు కూడా తీశాడనీ సర్వీసులో చెప్పుకుంటారు. కాదని సాక్ష్యం చెప్పడానికి ఆ రెక్క మీద ఇంకెవరూ లేరు.

"పిలిచారట మావయ్యగారూ."

"ఆఫీసులో సార్ అని ఏడు."

"చెప్పండి సార్."

"ఆ సంకేతాలు విప్పగలిగిన మనిషి ఇక ఒక్కరే మిగిలారు. మీ అత్తగారు. ఈ ఉదయమే టవర్ బిల్డింగ్ పై అంతస్తులో మంత్రుల ముందు ముఠా గుట్టు విప్పుతుంది. అక్కడి లిఫ్ట్‌లోనూ ఉచ్చు పన్నారని మన డబుల్ ఏజెంట్ మిణుగురు కబురు పంపింది."

"మరి ఎక్కొద్దని అత్తయ్యగారికి చెప్పండి."

"చెప్పాను. నేను చెప్పాను గనకే ఎక్కి తీరతానంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "మెకానిక్ వేషంలో వెళ్ళి షాఫ్టులో సెన్సర్ చూడు. ఆవిడకేమైనా అయిందో, ఇంటి గుమ్మం తొక్కకు. నీకేమైనా అయితే పర్వాలేదు, అమ్మాయికి నేను సర్దిచెప్పుకుంటా."

సర్వీసు వాళ్ళు గ్యాడ్జెట్ల సంచి ఇచ్చారు. కెమెరా ఉన్న సుత్తి, మత్తు పొగ చిమ్మే టార్చి, ట్రాన్స్‌మిటర్ దాచిన స్క్రూడ్రైవర్. స్క్రూలు తిప్పే స్క్రూడ్రైవర్ మాత్రం ఉడుమే బజార్లో కొనుక్కున్నాడు.

టవర్ మేనేజర్ వేషంలో మిణుగురు మెషిన్ రూములో ఎదురుచూస్తోంది. ఎత్తు మడమల చెప్పులు, జారే పట్టు చీర, గ్రీజు కంపుని కూడా ఓడించే సెంటు.

"ఈ లిఫ్ట్‌కి దగ్గెందుకు?" అన్నాడు ఉడుము. అది కోడ్.

"వయసు మీదపడి." అదీ కోడే. "నీ మీసం వంకరగా ఉంది." అది మాత్రం కోడ్ కాదు.

ఉడుము నేల తలుపు ఎత్తి షాఫ్టులోకి దిగాడు. గోడ నిచ్చెన మీద నిలబడ్డాడు. కింద చీకటి నోరు తెరుచుకుని ఉంది.

షాఫ్టు పైకొసన ఉండే సెన్సర్ రెండు ముక్కలు: ఒక గోడకి వెలుగు చిమ్మే డబ్బీ, ఎదుటి గోడకి దాన్ని అందుకునే కన్ను. మధ్యలో కనబడని కిరణం. లిఫ్ట్ వచ్చి అడ్డుపడగానే కన్ను చీకటై మోటారు ఆగుతుంది. రెండిటి చూపూ సూటిగా కలిస్తే కన్ను పక్కన పచ్చ లైటు నిలకడగా వెలుగుతుంది.

ఇక్కడది మిణుకుమంటోంది. ఉడుము నిచ్చెన మీంచే తల పైకి చెయ్యి చాచి, స్క్రూ వదులు చేసి, కన్నుని వెంట్రుకవాసి తిప్పాడు. లైటు నిలకడగా వెలిగింది.

"అయిపోయిందిగా, పైకిరా," అంది మిణుగురు పైనుంచి.

"ఉండు."

చూపు కలిపాక మెకానిక్ చేయాల్సిన ఆఖరి పని ఒకటుంది. కిరణానికి చెయ్యి అడ్డంపెట్టి చూడాలి. లైటు ఆరితేనే పని అయినట్టు. ఉడుము పెట్టాడు.

ఆరలేదు.

తల తిప్పి చూశాడు. లిఫ్ట్ జారే ఇనప పట్టాకి అవతల, చెయ్యి చాచినా అందనంత దూరంలో, సన్నటి అద్దం ముక్క అతికించి ఉంది. అతని చేతిని తప్పించుకున్న వెలుగు ఆ అద్దం మీదపడి కన్నులోకి చేరుతోంది. లిఫ్ట్ వచ్చి అడ్డుపడినా ఇంతే. ఎదురుగా దారి మూసినా పక్కదారిన వెలుగు అందుతూనే ఉంటుంది. మోటారు ఆగదు.

"ఈ అద్దం ఎవరిది?"

"నాదే. ముద్దుగా ఉంది కదూ?" మిణుగురు చేతిలో పిస్టల్ మెరిసింది. "మీ వాళ్ళకి కబురు ఊరికే పంపానా? సెన్సర్ని ముట్టుకున్నది నువ్వు. లిఫ్ట్ పగిలాక అందరూ నిన్నే పట్టుకుంటారు."

పైన మోటారు గురక మొదలైంది. తాళ్ళు వణికాయి. అత్తగారు ఎక్కేశారు.

ఉడుము టార్చి కోసం సంచిలోకి చెయ్యి పోనిచ్చాడు.

"కదిలావంటే కాల్చేస్తా! చేతులు పైకెత్తు!"

ఉడుము తలెత్తి చూశాడు. సెన్సర్ కన్ను సరిగ్గా అతని నెత్తి మీదే ఉంది. జన్మలో ఎవరి మాటా విననివాడు మొదటిసారి బుద్ధిగా రెండు చేతులూ ఎత్తి, అరచేయి తీసుకెళ్ళి ఆ కన్నుకి అదిమిపెట్టాడు.

పచ్చ లైటు ఆరింది. మోటారు కీచుమని ఆగిపోయింది. పైకి దూసుకొచ్చిన లిఫ్ట్ కప్పు అతని బూట్ల అడుగుని ముద్దాడి నిలిచింది. ఇంకొక్క క్షణమైతే ముందు ఉడుము, వెనకే అత్తగారు.

"చెయ్యి తియ్!"

"ఎత్తమన్నది నువ్వేగా! ఒక మాట మీద నిలబడవేం?"

ఆమె గురి చూసింది. అప్పుడే ఆమె మెడకి చల్లటి రివాల్వర్ ఆనింది. అల్లుడి మీద నమ్మకం లేక వెనకే బయల్దేరి, అన్ని మెట్లూ ఎక్కి, రొప్పుతూ వచ్చిన చీఫ్ చేతిలోది.

"అమ్మాయ్, వాడు మా అల్లుడు," అన్నాడాయన ఊపిరి అందక. "కాల్చాలంటే ముందు వరస నాది."

చీఫ్ మెయిన్ స్విచ్ దించాక గానీ ఉడుము చెయ్యి దించలేదు. కాళ్ళ దగ్గర లిఫ్ట్ కప్పు మూత పైకి లేచింది. కళ్ళజోడు, దాని వెనక అత్తగారు బయటికొచ్చారు.

"లిఫ్ట్ ఆపింది మీరేనా అల్లుడుగారూ?"

"నేనే అత్తయ్యగారూ."

"అనుకున్నా. అంతస్తుకి నిలువెత్తు కింద ఆపడం ఇంకెవరికి చేతనవుతుంది? మోకాళ్ళ నొప్పులతో నేను నిచ్చెన ఎక్కాలా?"

ఎక్కారు. దారిలో ఒకసారి అల్లుడి భుజం కూడా తొక్కారు. మంత్రుల ముందు ఆవిడ నోరు విప్పాక మధ్యాహ్నానికల్లా ముఠా మొత్తం పట్టుబడింది. చీఫ్ రాసిన రిపోర్టులో ఉడుము ప్రస్తావన ఒక్కచోటే ఉంది: చెప్పినప్పుడు చేతులు ఎత్తేశాడు.