నేపాలుకి లేచిన చెయ్యి

సిలోను తప్పిపోవడానికి కారణం చంద్రావతి. ఇందులో రెండో మాట లేదు. గణపతిరావు మేస్టారు "నేపాలుకి ఎందరు?" అన్నప్పుడు ఆమె కుడిచెయ్యి లేచింది. గాజులు మోచేతిదాకా జారాయి. నూకరాజు కళ్లారా చూశాడు. చూసినవాడు మరిచిపోడు.

అది 1961. బరంపురానికి ఉత్తరాన, తెలుగువాళ్లు రైల్వే పనులకి వలసపోయిన ఊళ్లో, ఖరిదా బజారులో గణపతిరావు గారికి ఒక కమర్షియల్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మేడమీద ఒక హాలు, ఆరు టైపు మిషన్లు, పదకొండుమంది విద్యార్థులు. టైపు, షార్ట్‌హ్యాండు, వ్యాపారపు ఉత్తరాలు నేర్పేవారు. అమెరికాలో బిజినెస్ స్కూళ్లు పిల్లల్ని పైదేశాలు తిప్పి వ్యాపారం చూపిస్తాయని ఆయన పేపర్లో చదివారు. ఆనాటి నుంచి ఆయనకి రాత్రిళ్లు నిద్ర లేదు. క్లాసులో పడుకునేవారు.

"మనమేం తక్కువ తిన్నామా? మనమూ పైదేశం వెళ్తున్నాం. ఏ దేశమో మీరే తేల్చండి. పదిహేను రోజుల్లో చేతులెత్తిస్తాను" అన్నారు.

మేడ కింద కోటిలింగం బట్టల కొట్టు. చంద్రావతి ఆయన కూతురు. ఆడపిల్లని మగపిల్లల మధ్య కూర్చోబెట్టడం ఆయనకి ఇష్టం లేదు. అయినా పంపాడంటే ఒకటే ధైర్యం. కూతురి మిషను సరిగ్గా ఆయన నెత్తిమీద ఉంది. హాలు నేల చెక్కలది. మిషను చప్పుడు కిందికి వినిపించేది. అది ఆగిందంటే ఆయన గజంబద్ద తీసి కప్పుని పొడిచేవాడు.

టక్.

చంద్రావతి మళ్లీ కొట్టేది. కొట్లో బట్టలు కొనేవాళ్లకి కూడా ఇది అలవాటైపోయింది.

నూకరాజుది పక్క మిషను. అతను నిమ్‌పురా రైల్వే యార్డులో నంబర్ టేకరు. వచ్చే వేగన్ల నంబర్లు, పోయే వేగన్ల నంబర్లు రాసుకోవడం ఉద్యోగం. ఏడాదిగా చంద్రావతికి ఒక మాట చెప్పాలని ఉంది. నోరు తెరిస్తే ఆమె వేళ్లు ఆగేవి. వేళ్లు ఆగితే టక్. ఏడాదంతా ఇదే వరస. పైగా కోర్సు అయిన వెంటనే బరంపురం నుంచి ఎవరో పెళ్లిచూపులకి వస్తారని ఆమే చెప్పింది.

నూకరాజు ఆలోచించాడు. సిలోనుకి ధనుష్కోటి నుంచి ఓడ ఉంది. సముద్రం మీదికి గజంబద్ద రాదు.

"నువ్వు సిలోనుకే సెయ్యెత్తాల" అన్నాడు.

"ఎందుకట, నంబరుబాబూ?" చంద్రావతి కొడుతూనే అడిగింది.

"ఓడెక్కినాక నీకో మాట సెప్పాల."

"ఇక్కడ సెప్పకూడదేటి?"

నూకరాజు వేలితో నేలని చూపించాడు. "మీ నాన."

"మరి ఓడెక్కకపోతే?"

"సెప్పను. అంతే."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుకి వేళ్లు ఆగాయి. టక్.

రెండు వారాలు నూకరాజు సిలోను ప్రచారం చేశాడు. లోకో డ్రైవరు కూతురు ఆలిస్‌కి శింగారాలు, అదే అక్కడి సమోసాలు, తినిపించి ఓటు సంపాదించాడు. ఎవరి ఓటు ఎటో అతని దగ్గర చీటీ ఉంది. వేగన్ల లెక్కలాగే రాసుకున్నాడు. సిలోనుకి ఆరు, నేపాలుకి ఐదు. తప్పడానికి వీల్లేదు.

ఆ రోజు వచ్చింది. సత్యం అనే కుర్రాడు లేచి "రంగం ఎల్దాం సార్, అదే రంగూను" అన్నాడు.

"మా తాత యుద్ధంలో రంగం నుంచి నడిసొచ్చినాడు. మల్లీ నడవమంటావేటి?" అంది చంద్రావతి. అందరూ నవ్వారు. రంగం అక్కడితో పోయింది.

సిలోనుకి చేతులు ఐదు లేచాయి. నేపాలుకి ఆరు. ఆరోది ఎవరిదో మొదటే చెప్పాం.

నూకరాజుకి అర్థమైపోయింది. ఆ మాట వినడం ఇష్టం లేదు కాబట్టే ఓడని ముంచేసింది. మర్నాడు వెళ్లి మూల మిషను దగ్గర కూర్చున్నాడు. దానికి సగం అక్షరాలు పడవు. పడకపోతే పోనీ అనుకున్నాడు.

"నంబరుబాబూ, కోపమా?"

"నా పేరు నూకరాజు."

"నేపాల్లో మంచు ఉంటాదట."

"ఉంటే ఉండనీ."

"పెద్ద కొండలు కూడా ఉంటాయట."

"ఎక్కి దూకీమంటావా?"

తొమ్మిది రోజులు ఇలాగే గడిచాయి. పదోరోజు సాయంత్రం వాన పట్టుకుంది. ఖరిదా వీధి కాలవైపోయింది. క్లాసుకి ఇద్దరే వచ్చారు. మేస్టారు పేపరు మొహంమీద కప్పుకుని కుర్చీలో నిద్రపోతున్నారు.

చంద్రావతి తన మిషను వదిలి వచ్చి అతని ముందు నిలబడింది.

"నీ తలకాయలో వేగన్లు తప్ప ఏటీ లేవు."

"ఉన్నాయి. ఎవులెవులు సెయ్యెత్తినారో ఉంది."

"సిలోనుకి పాస్‌పోర్టు కావాల. నేపాలుకి అక్కర్లేదు. తెల్సునా?"

"తెల్సు. అయితే?"

"అయితే ఏటి? పాస్‌పోర్టు కాగితం మీద నాన సంతకం పెట్టనన్నాడు. పెళ్లయినాక నీ మొగుడే పెడతాడన్నాడు. నేపాలైతే రక్సౌల్లో రైలు దిగడమే కదా అని సరే అన్నాడు. ఇప్పుడు సెప్పు. నాను ఇక్కడుండిపోతే ఓడమీద ఆ మాట ఎవులికి సెప్తావు? ఆలిస్‌కా?"

నూకరాజు నోరు తెరిచాడు.

టక్.

ఇద్దరూ నేలకేసి చూశారు. ఆమె మిషను ఎప్పుడో ఆగిపోయింది.

టక్. టక్.

"ఎల్లి కొట్టు, ఎల్లు!"

"తొమ్మిది రోజులు అలిగినోడివి నువ్వు. నువ్వే కొట్టు!"

నూకరాజు పరుగున వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఏం కొట్టాలో తోచలేదు. ఆ వారం పాఠం వ్యాపారపు ఉత్తరం. వేళ్లు అటే పోయాయి. వేళ్లతో పాటు ఏడాదిగా దాచుకున్న మాట కూడా పోయింది.

కింద కోటిలింగం గజంబద్ద దించి, మళ్లీ చెవి పెట్టాడు. కూతురి చెయ్యి పడితే సన్నవాన పడ్డట్టుంటుంది. ఇదేమో షంటింగులో వేగన్లు గుద్దుకున్నట్టుంది. ఇది చంద్రావతి చెయ్యి కాదు. ఆయన గజంబద్దతోనే మెట్లెక్కాడు.

"మేస్టారూ! లెగండి! నా కూతురి మిషనుమీద ఈడేటి కొడతన్నాడు?"

మేస్టారు ఉలిక్కిపడి లేచారు. పేపరు కిందపడింది. కోటిలింగానికి ఇంగ్లీషు రాదు. మిషన్లోంచి కాగితం లాగి మేస్టారి చేతిలో పెట్టాడు. మేస్టారు కళ్లజోడు సర్దుకుని, పాఠం చెప్పే గొంతుతో తెలుగు చేస్తూ చదివారు.

"'అమ్మా! ఈ నెల పద్నాలుగో తేదీన తమరు ఎత్తిన చేతిని గురించి వ్రాయునది. సదరు చేతిని మేము తప్పుగా అర్థం చేసుకొన్నందుకు మిక్కిలి చింతిస్తున్నాము. అట్టి చేతిని శాశ్వతముగా స్వీకరించుటకు సిద్ధముగా ఉన్నాము. తమ జవాబును తిరుగుటపాలో పంపగలరు. ఇట్లు, తమ విధేయుడు.'"

మేస్టారు కాగితాన్ని ఇంకోసారి పైనుంచి కిందిదాకా చూశారు.

"ఉత్తరం ఫరవాలేదు" అన్నారు మేస్టారు. "కాని జవాబుకి గడువు తేదీ వెయ్యాలని ఎన్నిసార్లు చెప్పాను?"

"అడ్రెస్సు కూడా తప్పే" అన్నాడు కోటిలింగం. "ఇలాటి ఉత్తరం తండ్రి పేర రాయాల." కూతురి వైపు తిరిగాడు. "ఏటే?"

చంద్రావతి కొత్త కాగితం తెచ్చి మిషనుకి ఎక్కించి, నూకరాజు ముందుకి జరిపింది.

కోటిలింగం నూకరాజు వైపు తిరిగాడు.

"మీదే ఊరు?"

"టెక్కలి పక్కన, సావుకారు గారూ."

"బరంపురం కన్నా దూరమే కదా?"

"దూరమే. కాని నాకు క్వార్టరు నిమ్‌పురాలో."

"నిమ్‌పురా..." కోటిలింగం గజంబద్ద గోడకి ఆనించాడు. "గజంబద్దకి అందదు. సైకిలుకి అందుద్ది. ఊఁ, రాయి. గడువు తేదీ ఏసి మరీ రాయి. నానిక్కడే కూసుంటాను."

నేపాలు యాత్ర జరిగింది. కోటిలింగం కూడా వచ్చాడు. రక్సౌల్లో రిక్షా ఎక్కితే పావుగంటలో పైదేశం. మేస్టారు అక్కడొక బియ్యం మిల్లు చూపించి, అంతర్జాతీయ వ్యాపారం గురించి గంటసేపు చెప్పారు. కోటిలింగం ఆ గంటసేపూ నూకరాజుకి, చంద్రావతికి మధ్య కూర్చుని విన్నాడు.

మరుసటి ఏడాది పెళ్లయింది. పాస్‌పోర్టు కాగితాల మీద మొగుడే సంతకం పెట్టాడు. రైల్వే పాసుమీద ధనుష్కోటి దాకా వెళ్లి ఇద్దరూ ఓడెక్కారు.

ఓడ కదిలిన పావుగంటకి నూకరాజు కడుపు తిరిగింది. సిలోను కనిపించేదాకా కమ్మీ పట్టుకుని సముద్రంలోకి వంగే ఉన్నాడు. చంద్రావతి వీపు రాస్తూ పక్కనే నిలబడింది.

"ఓడెక్కినాక ఏదో మాట సెప్తానన్నావు?"

నూకరాజు తల ఎత్తలేదు. మాట్లాడించొద్దని చెయ్యెత్తాడు.

"నేపాలుకేనా?" అంది చంద్రావతి.

తిరుగు ప్రయాణంలో కూడా అదే ఓడ, అదే కమ్మీ. ఇంటికొచ్చి మంచంమీద పడ్డాక నూకరాజు ఒకటే చెప్పాడు. సిలోను సంగతి ఇంక ఈ జన్మలో మాట్లాడనన్నాడు. మాట్లాడలేదు.