నిలబెట్టిన ఇంజిన్

ఆ ఇంజిన్ ఇంట్లో ఉంటే తాను ఉండనని రాహేలు ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా భర్తతో తెగేసి చెప్పింది. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆమె ఎదురు మాట్లాడడం అదే మొదటిసారి! బహదూర్‌పురాలోని ఆ రెండు గదుల ఇంటి వెనక, రేకుల షెడ్డులో ఇనుప స్టాండు మీద నిలబెట్టిన ఇంజిన్‌నే చూస్తూ కూర్చున్నాడు రాజన్న. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు ప్రేమ్‌రాజ్‌ను మింగింది అదే... నాలుగు నెలల కింద ఊరి బయటి చెరువులో పందెపు పడవను పరీక్షిస్తుంటే, నీళ్ల నడుమ అది ఒక్కసారిగా బిగుసుకుపోయింది. పడవ తిరగబడింది. కొడుకు మర్నాడు గాని దొరకలేదు.

పాత జపాన్ కారు నుంచి ప్రేమ్‌రాజ్ విప్పి తెచ్చిన ఇంజిన్ అది. మామూలు ఇంజిన్లలా అందులో పిస్టన్లు ఉండవు. సమోసా ఆకారంలో మూడు మూలల దిమ్మె ఒకటి లోపల గిరగిర తిరుగుతుంది. కారులో అది పడుకుని ఉంటుంది. పడవ వెనక తగిలించాలంటే నిటారుగా నిలబెట్టాలి. నిలబెడితే నూనె పై బేరింగుకు అందడం లేదు. అదే చిక్కు! కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేతు మిషను మీద పని చేసి రిటైరైన రాజన్నకు కూడా అది అంతుపట్టలేదు. ఆ పని పూర్తయితే తప్ప బిడ్డ చావుకు అర్థం ఉండదని ఆయన పట్టుబట్టి కూర్చున్నాడు.

రాహేలు భయం మాత్రం వేరు. పది రోజులుగా ఆ పని దానంతటదే జరుగుతోంది! మధ్యాహ్నం రాజన్న కార్వాన్‌లోని లేతు షాపుకు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేసరికి, ఆయనకు లొంగని నట్లు వదులై ఉండేవి. దిమ్మె మూలలకుండే సన్నని పట్టీలు న్యూస్‌పేపర్ మీద వరుసగా పరిచి ఉండేవి. ఇంజిన్ మీద సుద్దముక్కతో గీసిన గీతలు... ఎడమవైపుకు ఒరిగిన ప్రేమ్‌రాజ్ రాత!

"వాడొస్తున్నడు రాహేలూ," అన్నాడు రాజన్న మెల్లగా. "నాతోని చేయించుకుంటున్నడు."



ఆ వేళప్పుడు ఇంట్లో ఉండేది కోడలు స్వరూప ఒక్కతే. రాహేలు బడిలో వంట చేసి మూడింటికి వచ్చేది. అత్తాకోడళ్ల మధ్య మాటలు లేవు. పడవ తిరగబడిన రోజు దాని వేగం లెక్కపెట్టడానికి చెరువు గట్టు మీద గడియారం పట్టుకుని నిలబడింది స్వరూపే. నువ్వు వద్దంటే ఆగేవాడని, సమాధి దగ్గర అందరి ముందూ రాహేలు ఆ పిల్లను నిందించింది. స్వరూప తల వంచుకుందే తప్ప ఒక్క మాట అనలేదు.

సోమవారం రాహేలు ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టి, మధ్యాహ్నం ఇల్లు చేరి వంటింటి తలుపు చాటున కూర్చుంది. కరెంటు పోయింది. ఉక్కపోత... దగ్గర్లోని జూలో సింహం ఒకసారి గర్జించి ఊరుకుంది. చాప మీద నిద్రపోతున్న స్వరూప రెండు గంటలకు లేచి కూర్చుంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఆ చూపులో ఆమె లేదు! చీర అంచు రాహేలు మోకాలికి రాసుకున్నా అటు చూడకుండా షెడ్డులోకి నడిచింది. పానా అందుకుంది... ఎడమచేత్తో. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్క ప్రేమ్‌రాజ్‌దే!

రాహేలు వెనకే వెళ్లింది. స్వరూప ఇంజిన్‌కు చెవి ఆనించి, నాలుకతో టక్కుమని చప్పుడు చేసింది, అచ్చం వాడిలాగే. సన్నని రాగి గొట్టాన్ని వంచి, కింది నుంచి పై బేరింగు దాకా పట్టి చూసి, ఆ దారి పొడవునా సుద్దతో గీత గీసింది. రాహేలుకు తెలియకుండానే "ప్రేమ్..." అన్న పిలుపు నోట్లోంచి జారింది.

ఆ పిల్ల తిరిగి చూసింది. గొంతు స్వరూపదే.

"అమ్మా, నూనె పైకి పోతలేదే."

ఏనాడూ అత్తమ్మా అని తప్ప పిలవని పిల్ల! స్వరూప చేతిలోని పానా జారి నేల మీద పడి గణగణమంది. ఆ చప్పుడుకు ఆ పిల్ల మేలుకుని, నూనెతో నల్లబడ్డ తన చేతులు చూసుకుని బావురుమంది.

"పది రోజుల సంది నిద్ర లేస్తే చేతులకు నూనె ఉంటున్నది అత్తమ్మా. పిచ్చి లేస్తున్నదేమోనని ఎవలకు చెప్పలే."

రాహేలు ఆ చేతులు పట్టుకుంది. ఇన్నాళ్లూ అడగనిది అప్పుడు అడిగింది.

"ఆ రోజు వద్దనలేదా బిడ్డా?"

"మూడుసార్లన్న. నవ్విండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే సచ్చిపోయినోని మీద కోపం పెట్టుకుంటరు. నా మీదయితే... నేను బతికే ఉన్న గదా."

నాలుగు నెలలు తన నింద మోస్తూ, తన కొడుకు మీద తన ప్రేమకు కాపలా కాసిందా ఈ పిల్ల! ఆ నల్లటి చేతులను కిరోసిన్‌తో, సబ్బుతో రాహేలే కడిగింది. కడిగిన చేతులను కళ్లకద్దుకుంది. ఆ తర్వాత ఇంజిన్‌ను తీసెయ్యమని అడగలేదు.

రాజన్న ఆ సుద్ద గీత వెంటే గొట్టం బిగించాడు. నీళ్ల తొట్టిలో పడవను నెట్టే పంకా ముంచి స్టార్ట్ చేస్తే తేనెటీగల తుట్టె కదిలినట్టు మోత మొదలైంది. గంటసేపు తిరిగినా ఇంజిన్ బిగుసుకోలేదు. రెండు వారాలకు అదే చెరువులో, లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఆ ముసలాయనే పడవ నడిపాడు. గట్టు మీద అత్తాకోడళ్లు చేతులు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఒక్క చుట్టు తిరిగి పడవ క్షేమంగా ఒడ్డుకొచ్చింది. రాజన్న దిగి, తడి ఇంజిన్ మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చాడు.

మళ్లీ అలా నిద్రలో లేస్తానేమోనని స్వరూపకు భయం పట్టుకుంది. లేస్తే వెంటనే తట్టి లేపమని రాహేలుతో ఒట్టు వేయించుకుంది. బడికి వేసవి సెలవులు. రోజూ మధ్యాహ్నం రాహేలు విసనకర్ర పట్టుకుని ఆ చాప పక్కనే కూర్చునేది. కానీ ఆమె మనసులో ఉన్నది వేరు... ఒక్కసారి లేవాలని, ఒక్కసారి వాడిలా అమ్మా అని పిలవాలని! అది ఎవరితో చెప్పుకోగలదు? రెండవుతుంటే ఊపిరి బిగపట్టేది. స్వరూప పసిపిల్లలా నిద్రపోయేది. అలా నెల గడిచింది.

ఒకనాడు మూడింటికి స్వరూప కళ్లు తెరిచింది.

"లేచిన్నా అత్తమ్మా?"

"లేదు బిడ్డా."

ఆ రెండు మాటల్లో ఏం వినిపించిందో, స్వరూప అత్త ముఖం వంక చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

"ఇంకొంచెంసేపు పండుకోనా?"

రాహేలు కళ్లు నిండాయి. కోడలి నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది.

"వద్దు బిడ్డా... లే. చాయ్ తాగుదాం."