ఈశ్వరమ్మ చిగుళ్లకు గీకుడా, కోతా?

పొయ్యి ముందు కూర్చున్న ఈశ్వరమ్మ ఆ ఉదయం కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఉంది. బయట మంచుకి కాఫీ మొక్కలు కూడా కనబడడం లేదు.

"ఉప్పునీళ్లు పుక్కిలించావా అమ్మా?" అడిగింది కూతురు రత్న.

"ఊఁ."

"నొప్పుందా?"

"ఊఁహూఁ."

ఆరు వారాలుగా ఇంతే. ఊరందరికంటే గట్టిగా మాట్లాడే మనిషి, చిగుళ్లకు వైద్యం మొదలయ్యాక మూగనోము పట్టినట్టు అయిపోయింది. ఎంత బాధ దిగమింగుకుంటోందో అనుకునేది రత్న.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి రత్న. అరకులో మందుల దుకాణంలో పనిచేస్తోంది. తల్లికి ఐదు పళ్లు కదులుతున్నాయని తెలిసిన రోజే పాత క్యాలెండరు వెనక నిలువుగీత గీసి, ఒక పక్క 'గీకుడు', ఇంకో పక్క 'కోత' అని రాసుకుంది. గీకుడంటే మత్తుసూది వేసి, చిగురు కింద పంటివేరుకు పట్టిన గారను సన్నటి పనిముట్లతో గీకి తీయడం. కుట్లుండవు, తొందరగా కోలుకుంటారు. కాని మరీ లోతున్న చోటికి పనిముట్టు అందకపోవచ్చు. కోతంటే చిగురు తెరిచి, కంటితో చూస్తూ శుభ్రం చేసి కుట్టడం. లోతుకి అందుతుంది గాని వాపు, కుట్లు, తర్వాత చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమనడం.

"ముందు గీకుదాం. ఆరు వారాలాగి చిగురుకీ పంటికీ మధ్య సందు లోతు కొలుద్దాం. తగ్గనిచోట కోత సంగతి ఆలోచిద్దాం. చుట్ట మాత్రం ఇవాళే మానాలి," అని పళ్ల డాక్టరు లావణ్య అప్పుడే చెప్పి, చిగుళ్లన్నీ గీకింది.

తండ్రి గాసి మాత్రం మొదట్నుంచీ కోత పార్టీ. "కాఫీ మొక్కకి కొమ్మ కొట్టకపోతే కాపుంటాదేటి? కోసీమను!" అనేవాడు. సూదిమందు చూస్తే పారిపోయే ఈశ్వరమ్మ కూడా అదే పార్టీ కావడం రత్నకి అర్థం కాలేదు.

కొలతలు తీసేది ఆ రోజే. రత్నతో పాటు గాసి కూడా వెంట వచ్చాడు. ఆస్పత్రిలో పేరు పిలిచేసరికి ఈశ్వరమ్మ గోడ వెనక నుంచి గబగబా వచ్చి కుర్చీలో కూర్చుంది. కొంగు తీయదు.

"నోరు తెరవండమ్మా," అంది డాక్టరమ్మ.

"ఊఁహూఁ."

"భయపడకండి."

"ఊఁహూఁ."

అప్పుడు కొంగులోంచి సన్నగా పొగ లేచింది.

"ఓలమ్మో, కొంగంటుకుంది!" ఆయా కేకేసి, నేల తుడిచే బకెట్టు ఎత్తింది. నీళ్లు మీద పడేలోగా ఈశ్వరమ్మ కొంగు లాగేసింది. పెదాల మధ్య చుట్ట. నిప్పు నోటి లోపల, చల్లటి కొస బయట. అడ్డపొగ!

"నీ మూగనోము ఇదా?" రత్న చుట్టకేసి వేలు చూపించింది. "ఆర్వారాలు! పూటపూటా అంబలి చల్లార్చి పెట్టాను. ఏటి సేత్తన్నావమ్మా నువ్వు?"

ఈశ్వరమ్మ చుట్ట చేతిలోకి తీసుకుంది. "దైర్నానికి ఒకటే, గుంటా."

"ఎవరు తెచ్చిచ్చారు?"

ఈశ్వరమ్మ చూపు గాసి చొక్కాజేబు మీద పడింది. గాసి గబుక్కున జేబు మీద చెయ్యేసుకున్నాడు.

"అయ్యా! కోసీమను, కోసీమను అని అరిచింది నువ్వే కదా!"

"అవును మరి," అన్నాడు గాసి నేల చూస్తూ. "గీకుడికయితే సుట్ట మానాలన్నాది డాక్టరమ్మ. కోతకి అలగనలేదు కదా. కోసీసినాక సక్కగా కాల్సుకోవచ్చని మీయమ్మే అన్నాది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "కోతకైతే ఇంకా గట్టిగా మానాలి. పొగ తగిలితే గాయం సరిగ్గా మానదు."

"అయితే కోతొద్దు," అంది ఈశ్వరమ్మ తక్షణమే.

"అదీ వద్దు, ఇదీ వద్దు! పళ్లన్నీ ఊడిపోవాలా?" రత్న ఏడ్చేసింది.

కూతురి ఏడుపు చూసి ఈశ్వరమ్మ తగ్గింది. "ఇది మా అమ్మ నేర్పినాదే. సోడి పంట నాట్లలో. నిప్పు బయటుంటే వానకి ఆరిపోద్ది. నోట్లో ఉంటే ఆరదు, రెండు సేతులూ పనికుంటాయి. సలికి ఒణికిపోతన్నానని తన నోట్లోది తీసి నా నోట్లో పెట్టినాది. అప్పుడు నాకు పదేళ్లు. ఇది నోట్లో ఉంటే అమ్మ పక్కనున్నట్టే ఉంటాది."

రత్న క్యాలెండరులో ఈ మాట ఏ పక్కనా లేదు. అన్నీ పోల్చి రాసుకుంది గాని, తల్లిని ఒక్కమాట అడగలేదు.

"అమ్మమ్మ చివరి ఏడాది నాకు గుర్తుంది," అంది మెల్లగా. "పళ్లూడిపోయి అంబలి తప్ప ఏదీ తినలేకపోయేది. నవ్వొస్తే చెయ్యడ్డం పెట్టుకునేది. నువ్వు కొంగడ్డం పెట్టుకుంటే నాకు ఆవిడే కనబడుతోందమ్మా."

ఈశ్వరమ్మ చేతిలోని చుట్ట బకెట్లో పడేసింది. సుయ్‌మంది.

"జేబులోవి కూడా," అంది మొగుడితో.

గాసి ఒక్కొక్కటే వేశాడు.

"పంచెలోవి?"

అవీ పడ్డాయి.

కొలిస్తే, కింది చిగుళ్ల లోతు ఆరు మిల్లీమీటర్ల నుంచి నాలుగుకి దిగింది. పైన మాత్రం ఆరు ఆరుగానే ఉంది. "గీకుడు పనిచేసింది. పైన మీ పొగే అడ్డుపడింది," అని పైచిగుళ్లు మళ్లీ గీకింది డాక్టరమ్మ.

ఇంకో ఆరు వారాలకి పైవీ దిగాయి, వెనకపన్ను ఒక్కటి తప్ప. దానికి మాత్రం చిన్న కోత తప్పదంది డాక్టరమ్మ. "కోసీమ్మా, బేగి," అంది ఈశ్వరమ్మ.

ఇప్పుడు ఆ ఇంట్లో కోడి కంటే ముందు ఈశ్వరమ్మ గొంతు లేస్తోంది. కూరలో ఉప్పు, పక్కింటి మేక, గాసి చొక్కాకి ఊడిన గుండీ, దేన్నీ వదలదు. ఒక ఉదయం గాసి రత్న దగ్గరికొచ్చి గుసగుసలాడాడు.

"గుంటా, మీ దుకాణంలో మాటలు తగ్గడానికేటైనా మందుందేటే?"

"ఇనబడింది!" పొయ్యి దగ్గర నుంచి ఈశ్వరమ్మ పకపకా నవ్వింది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.