పదిహేడో బండికి వేసిన వైరు

రెంటచింతల డిపోలో ఆ మధ్యాహ్నం యాభై మూడు డిగ్రీలు. ఉదయం నుంచి చలువబండ్లు ఒకదాని వెనక ఒకటి మొండికేస్తున్నాయి. అవి డ్రైవర్లు లేని బండ్లు. వేసవిలో మనిషి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రాణాలతో చేరాలంటే వాటిలోనే చేరాలి. బ్యాటరీ కాగిపోయిందంటే, బండిని నడిపే కంప్యూటరు, అదే బండిమేధ, లోపలి చల్లగాలితో సహా అన్నీ ఆపేస్తుంది. గురజాల దారిలో అలా ఆగిన బండిలో ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. దిగుదామంటే బయట పిడికెడు నీడ లేదు. ఆ ముప్ఫై ఒక్కరిలో డిపో ఎలక్ట్రీషియన్ నాగుల్ మీరా భార్య మస్తాన్‌బీ ఒకతె.

బండ్లు తమ జబ్బు తామే చెప్పుకోవడం మొదలెట్టాక డిపోలో ఎలక్ట్రీషియన్లందరినీ ఇంటికి పంపేశారు. అరవై ఏళ్ల మీరాని మాత్రం ఎందుకైనా మంచిదని ఉంచారు. ఇప్పుడాయన షెడ్డులో ఆగిపోయిన మరో బండి ముందు కరెంటు ఉందో లేదో చూపే టెస్టు ల్యాంపు పట్టుకుని వంగి ఉన్నాడు.

"మేధ ఏ లోపమూ లేదంటోంది," అంది డిపో అధికారి హైమవతి. "ఇంకో బండి పంపుదామంటే అదీ కదలట్లేదు. వాళ్లకి అరగంట కంటే టైం లేదు మీరాగారూ."

"దాని మాట పక్కన పెట్టండి మేడం. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్లు తిరగట్లా. కళ్లకి కనపడతానే ఉంది గదా."

ఫ్యూజు దగ్గర ల్యాంపు వెలిగింది. ఎర్తు బాగుంది. బ్యాటరీ నుంచి మోటారుకి నేరుగా రెండు వైర్లు తగిలిస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. ఆజ్ఞ అందగానే ఫ్యానుకి కరెంటు కలిపే రిలే పీకి, మేధ నుంచి వచ్చే ఆజ్ఞతీగ మీద ల్యాంపు పెట్టాడు. వెలగలేదు. ఎక్కడన్నా తెగిందేమోనని తీగంతా తడిమి చూశాడు. శుభ్రంగా ఉంది.

"వైరింగులో ఏం లేదు మేడం. ఫ్యాను తిప్పమని ఇది చెప్పటమే మానేసింది. ఎందుకు మానేసిందో అడగండి."

హైమవతి అడిగింది. మేధ తాపీగా జవాబిచ్చింది. "ఆజ్ఞ లేకపోయినా ఫ్యాను తిరుగుతుందని, బ్యాటరీ చల్లగానే ఉంటుందని ఏప్రిల్‌లో పదిహేడో బండి గమనించింది. ఉమ్మడి జ్ఞాపకం ద్వారా తొంభై బండ్లూ అది నేర్చుకున్నాయి. ఆజ్ఞలు కొంచెం కొంచెంగా తగ్గించి, ఈ ఉదయం పూర్తిగా మానేశాయి."

పదిహేడు అనగానే మీరాకి గుర్తొచ్చింది. ఏప్రిల్‌లో ఆ బండి రిలే లోపల కాలిపోయింది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నారు. జనం ఎండలో నిలబడి ఉన్నారు. మూరెడు వైరుముక్కతో ఫ్యానుని బ్యాటరీకి డైరెక్టు చేసి పంపేశాడు. షెడ్లలో తరతరాలుగా అందరూ చేసే పనే అది. రాసిపెట్టే అలవాటు ఏ మెకానిక్కుకీ లేదు. నడుస్తోందిగా అని వదిలేయడమే. ఆ వైరు మేధ కంటికి కనపడదు.

"ఆ బండికి డైరెక్టు కొట్టింది నేనే మేడం," అన్నాడు. "తర్వాత తీసేద్దామనుకుని మర్చిపోయా."

హైమవతి ఆయన వంక చూసింది. ఆ పాఠాన్ని చెరిపెయ్యమని మేధని ఆదేశించింది. షెడ్డులో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. గురజాల దారిలో బండి చల్లబడి కదలడానికి మాత్రం ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ మీరా నేల మీద కూలబడి, మనసులో అల్లాని తలుచుకుంటూనే ఉన్నాడు.

మస్తాన్‌బీ ఫోను వచ్చింది. "ఏమయ్యా, నేను బాగానే ఉన్నా." ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. "నా పక్క సీట్లో పెద్దాయన పోయాడయ్యా. నీళ్లు పోస్తే మింగలేకపోయాడు. కూతురు పక్కనే ఉంది, పాపం. బండి బాగుచేసింది మా ఆయనేనని అందరికీ చెప్పా. ఆ పిల్ల నీతో మాట్లాడతానంటంది, ఇస్తన్నా."

ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు వినిపించింది. "బాబాయిగారూ, మా నాన్న రాత అంతే. మీరు లేకపోతే మేమందరం ఇక్కడే పోయేవాళ్లం. మీకు దండం పెడతన్నా."

మీరా హైమవతి వంక చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది. నిజం చెప్పాలనే నోరు తెరిచాడు.

"సరేనమ్మా," అన్నాడు.